గడువు తీరిన టెస్ట్ కిట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అక్వేరియం వాటర్ టెస్ట్ కిట్ గారి సముఖానికి, చేపలు పెంచుకునేవాళ్లం రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. తమరైతే ట్యాంకు కింద అరలో రంగుల కార్డు పక్కనేసుకుని క్షేమంగానే ఉన్నారు. చేపల వ్యర్థాల నుంచి నీటిలో పేరుకునే అమ్మోనియా, నైట్రేట్ ఎంతున్నాయని అడిగినప్పుడల్లా అమ్మోనియా సున్నా, నైట్రేట్ సున్నా అని సెలవిస్తున్నారు. పైన చేపలు మాత్రం నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తేలక ఈ ఉత్తరం.

ముందు తమరి వయసు సంగతి తేల్చుకుందాం. పెట్టె మీది స్టిక్కర్లో తరచూ కనిపించేది దిగుమతి అయిన నెల. అది తమరు ఓడ దిగిన తేదీ. పుట్టిన తేదీ కావాలంటే సీసాను తిప్పి లాట్ నంబర్ చూడాలి. ఏపీఐ కంపెనీ సీసాల మీద ఆ నంబర్ చివరి నాలుగు అంకెలే తయారైన నెల, సంవత్సరం. 0322 అంటే 2022 మార్చి. అక్కణ్నుంచి, లోపలి మందును బట్టి, సుమారు మూడు నుంచి ఐదేళ్లు ఆయుష్షు. అదీ మూత బిగించి, చల్లగా, చీకట్లో ఉంచితేనే. మే నెల ఎండల్లో కొరియర్ గోదాముల రేకుల కింద తమరు గడిపిన రోజులను ఏ లాట్ నంబరూ లెక్కగట్టదు. ఆ పైన ట్యాంకు కింద అరలో వెచ్చదనం, తేమ సరేసరి.

పెట్టెలో అందరికీ ఒకే ఈడు రాదు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) చూసే సీసాలో ఉన్నది బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు మందు, నెమ్మదిగా ముసలిదవుతుంది. దాని జబ్బు వేరు: 6.0 నుంచి 7.6 వరకే చూపు. పైన ఎంతున్నా ఒకటే నీలం. బోరు నీళ్లు పోసేవాళ్లు ‘7.6, భేష్’ అని ఆగిపోకుండా అంతకు మించిన పీహెచ్ చూపే హై రేంజ్ సీసా కూడా తీయాలి.

అమ్మోనియా దగ్గరకొస్తే కథ మారుతుంది. రెండో సీసాలో ఉన్నది హైపోక్లోరైట్, అంటే బట్టలకు వాడే బ్లీచ్ వంశమే. వాడినా వాడకపోయినా దానంతటదే బలం కోల్పోతుంది, వేడికి ఇంకా త్వరగా. మొదటి సీసాలోని నైట్రోప్రసైడ్‌కు వెలుతురు పడదు. ఈ ఇద్దరూ నీరసించాక రావలసిన ఆకుపచ్చ రాదు, పసుపే మిగులుతుంది. కార్డులో పసుపంటే సున్నా. శుభ్రమైన నీళ్లకూ చచ్చిన మందుకూ తమరి దగ్గర ఒకటే జవాబు. పెళ్లివారి భోజనం ఎలా ఉందంటే ‘బాగుందండీ’ అనే మొహమాటస్తుడు తమరు. అబద్ధమాడి భయపెట్టినా బాగుండేది, నీళ్లన్నా మార్చేవాళ్లం.

అసలు ఫిర్యాదు నైట్రేట్ రెండో సీసా మీద. అందులో అడుగున పేరుకునే పొడి నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చాలి, ఆ తర్వాతే ఎర్రరంగు పుడుతుంది. పొడి రాకుండా పైతేట నీళ్లు పది చుక్కలేస్తే ఆ మార్పే జరగదు, ట్యూబ్ పసుపుగానే కూర్చుంటుంది. పద్ధతి ఇదీ: ట్యూబ్‌లో 5 మి.లీ. గీత వరకు ట్యాంకు నీళ్లు, మొదటి సీసా 10 చుక్కలు, మూత పెట్టి నాలుగుసార్లు తలకిందులు. రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపి 10 చుక్కలు. ఆపైన ట్యూబ్‌ను నిండా నిమిషం ఊపి, 5 నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు పగటి వెలుతురులో చూడాలి. ట్యాంకు లైటు కింద పనికిరాదు, ఆ నీలం వెలుగులో నారింజ ఏదో ఎరుపు ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. చుక్కలేసేటప్పుడు సీసాను బోర్లించి నిటారుగా పట్టాలి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. ట్యూబ్‌ను బొటనవేలితో మూయకూడదు. చాన్నాళ్లు కదలని సీసా అయితే ముందు బల్లకేసి తట్టి గడ్డ విడగొట్టాలి. మొదటి సగం ఊపకుండా వాడేసిన సీసాను మాత్రం ఇప్పుడెంత ఊపినా లాభం లేదు, మిగిలిన దాంట్లో పొడి పాళ్లు ఎప్పుడో తప్పాయి.

ఇక తమరికి పరీక్ష పెట్టక తప్పదు. ఎరువుల కొట్లో 13-0-45 అడిగితే ఇచ్చేది పొటాషియం నైట్రేటే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీ వాటర్ చాలు) 1.63 గ్రాములు కలిపితే 1000 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) నైట్రేట్. సిరంజితో అందులోంచి 1 మి.లీ. తీసి 49 మి.లీ. బ్యాటరీ వాటర్‌లో కలిపితే 20 పీపీఎం. అంత సన్నగా తూచే కాటా లేకపోతే 16.3 గ్రాములు కలిపి, ఆ ద్రావణాన్ని ముందు పదింతలు పలచన చేసుకోవాలి. ఎరువు కాస్త తేమ పట్టి 20కి 18 వచ్చినా ఫరవాలేదు, కార్డు ఎలాగూ 10, 20, 40 అని గెంతుతుంది. తమరు పసుపు చూపిస్తే మాత్రం సెలవు. ఉత్త బ్యాటరీ వాటర్‌కూ ఒకసారి చూడాలి, అక్కడ సున్నా రావాలి. సున్నాకు వంటింటి ఆర్వో నీళ్లు వద్దు, వాటిలో నైట్రేట్ కొంత మిగిలే ఉండొచ్చు.

కేహెచ్ (నీటిలోని కార్బొనేట్ల పాలు, దీన్ని డిగ్రీల్లో కొలుస్తారు) చూసే సీసాకు వంటసోడా చాలు. లీటరుకు 1.2 గ్రాములు వేస్తే 40 డిగ్రీలు, పదింతలు పలచన చేస్తే 4. ఒక్కో చుక్క ఒక్కో డిగ్రీ లెక్క, అంటే 5 మి.లీ.కి నాలుగో చుక్కకు నీలం పోయి పసుపు రావాలి.

తమరి తమ్ముడు స్ట్రిప్పుల గురించి ఎక్కువ చెప్పం. తడి వేలు డబ్బాలో పెట్టారా, వానాకాలం మూత తీసి వదిలేశారా, పాతిక స్ట్రిప్పులూ ఒకేసారి పోయినట్టే. చాలావాటిలో అమ్మోనియా గడే ఉండదు.

మధ్యవర్తి కావాలంటే భీమవరం, కైకలూరు వైపు ఆక్వా ల్యాబులున్నాయి. రొయ్యల చెరువుల నీళ్లలో అమ్మోనియా, ఆల్కలినిటీ చూడటం వాళ్లకు రోజువారీ పని. కాగితం మీద ‘నైట్రేట్-ఎన్’ (నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే) అని ఉంటే 4.43తో గుణించి తమరి కార్డుతో పోల్చాలి. అది చూసుకోకపోతే నిక్షేపంలాంటి కిట్టునే చెత్తబుట్టలో వేస్తాం.

ఇట్లు,
సున్నాలు చూసి మురిసిన చేపల యజమానులు

తా.క.: సాగనంపేటప్పుడు తమరి సీసాలన్నీ ఒకే బకెట్‌లో గుమ్మరించం. నైట్రేట్ మందులో ఆమ్లం, అమ్మోనియా రెండో సీసాలో బ్లీచ్, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఒక్కో సీసాను విడివిడిగా, బోలెడు నీళ్లతో పారబోస్తాం.