బొమ్మగారికి నొప్పి తగలనీకండి

మన మెడికల్ కాలేజీల్లో ఈగ కూడా వాలకుండా కాపాడుకుంటున్న పేషెంటు ఒక్కరే: విద్యార్థులు రోగుల కన్నా ముందు బొమ్మల మీద చెయ్యి తిప్పుకోవాల్సిన స్కిల్స్ ల్యాబ్‌లోని సీపీఆర్ బొమ్మ, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మ. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఒంటిమీదే ఉంది. గదికి తాళం. తాళంచెవి ఇన్‌ఛార్జి బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన జేబులో, ఆయన లీవులో.

150 సీట్ల దాకా ఉన్న కాలేజీకి 600 చదరపు మీటర్ల స్కిల్స్ ల్యాబ్ ఉండాలని 2020లో నిబంధన పెట్టారు. కొలిచి మరీ కట్టారు. తలుపు తీయడం సంగతి వేరే.

ఇన్‌స్పెక్షన్ రోజు వైభవం చూడాలి. అటెండరు కవరు విప్పి, మొహం తుడిచి, కొత్త దుప్పటి పరుస్తాడు. ఫోటో కోసం ఇద్దరు విద్యార్థులు బొమ్మ పక్కన మోకాళ్ళ మీద. మోచేతులు వంచకూడదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. అందులో ఒక అమాయకుడు నిజంగానే నొక్కేస్తాడు. లోపల స్ప్రింగు ‘టక్’మంటుంది. సరిగ్గా నొక్కావని బొమ్మ చెప్పే మాట అది. ప్రొఫెసరుగారి గుండె మాత్రం ఆగినంత పనవుతుంది. “మెల్లగా బాబూ! స్ప్రింగు పోతే ఆడిట్‌కి జవాబు చెప్పాల్సింది నేను!”

పక్కనే ఐవీ చెయ్యి, అంటే నరానికి సూది గుచ్చడం నేర్చుకునే రబ్బరు చెయ్యి. కిందటి ఇన్‌స్పెక్షన్‌కి రక్తంలా పోసిన ఎర్రనీళ్ళు కడగకుండా వదిలేస్తే గొట్టాల్లోనే ఎండి అట్టకట్టాయి. ల్యాబ్ మొత్తమ్మీద నిజమైన జబ్బున్నది దానికే. గొంతులోకి శ్వాసగొట్టం వేయడం నేర్పే ఇంట్యుబేషన్ తలకాయకి, గొట్టం జారడానికి పూసే లూబ్రికెంటు లేదు. పొడి ట్యూబు తోస్తే గొంతు రబ్బరు చిరుగుతుంది కనక దాన్ని దర్శించుకోవడమే.

సాయంత్రానికి బొమ్మగారు మళ్ళీ కవర్లోకి. అన్నీ నేర్చుకున్నట్టు లాగ్‌బుక్కుల్లో అందరికీ సంతకాలు: ఒకే తేదీ, ఒకే పెన్ను.

ఆ సంతకాల బలంతోనే హౌస్‌సర్జన్ రాత్రి రెండింటికి జనరల్ వార్డుకొస్తాడు. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే క్యాన్యులాలో రక్తం కనిపించగానే ఆగిపోతే సూదిమొన మాత్రమే నరంలో ఉంటుంది, ప్లాస్టిక్ గొట్టం బయటే. ఇంకో రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి, అప్పుడు గొట్టాన్ని సూది మీంచి జార్చాలి. ఇది అతనికి ఒక ముసలమ్మ చేతిమీద నాలుగో పోటులో తెలుస్తుంది. మొదటి మూడుచోట్లా చెయ్యి ఉబ్బిపోయింది. ఆవిడ పళ్ళు బిగబట్టుకుని, “పర్లేదు నాయనా, చూడు” అంటుంది. ఎందుకు పర్లేదు? సిగ్గులేదూ మనకి? రబ్బరు చెయ్యి కాలేజీ సామాను లెక్క రాసే డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో ఉంది. ఆవిడ చెయ్యి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. తేడా అంతే!

ఐవీ చేతికి చర్మం, నరాల గొట్టాలు విడిగా దొరుకుతాయి. సీపీఆర్ బొమ్మకి ఊపిరితిత్తుల సంచులూ అంతే. అవి అరగడానికే చేసినవి. లాగ్‌బుక్కులన్నిటి మీదా సంతకాలు గీకిన ఆ పెన్నుతోనే, వాటిని తెప్పించే ఇండెంటు మీద ఒక్కటి పెట్టండి సార్.