వీడియో బాగానే ఉంది, అడిగే మనిషే లేడు

తిరుపతి చుట్టుపక్కల కాలేజీల బ్రోచర్లు తిరగేస్తే స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక), ఎన్‌పీటెల్ (అందులో ఐఐటీల వాళ్లు నడిపే కోర్సులు) పేర్లు బాగా కనిపిస్తున్నాయి. మా పిల్లలు ఇన్ని వందల మంది ఎన్‌రోల్ అయ్యారు అని గొప్పగా వేసుకుంటారు. ఎన్‌రోల్ కావడానికి పైసా ఖర్చు లేదు, మెయిల్ ఐడీ ఒకటి ఉంటే చాలు. పరీక్ష ఫీజు కట్టి హాల్లో కూర్చున్నది ఎంతమంది, పాసైంది ఎంతమంది? ఆ అంకెలు మాత్రం బ్రోచర్‌కు ఎక్కవు.

ఇదేదో సరదాకి చేసే అదనపు కోర్సు అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ స్వయం కోర్సుల నుంచి 20 శాతం దాకా క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కేసే పాయింట్లు, తీసుకోవచ్చని 2016లో చెప్పిన యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ), 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అంటే సెమిస్టర్‌లో ఐదు పేపర్లుంటే రెండు ఆన్‌లైన్‌లోనే అయిపోవచ్చు. డిగ్రీలో అంత భాగం ఎక్కడో రికార్డు చేసిన వీడియో మీద ఆధారపడినప్పుడు, పిల్లాడికి అర్థమైందో లేదో చూడాల్సింది ఎవరు?

ఎన్‌పీటెల్ మార్కుల లెక్కే చూద్దాం. వారం వారం అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి. పన్నెండు వారాల కోర్సయితే బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. వీటి జవాబులు గడువుకు ముందే టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో తిరుగుతుంటాయి, ఆ సంగతి పిల్లలకే కాదు లెక్చరర్లకూ తెలుసు. 25కి 23 తెచ్చుకున్న కుర్రాడు ఒక్క వీడియో కూడా పూర్తిగా చూసి ఉండకపోవచ్చు. పరీక్ష సెంటర్‌కు వెళ్లి నిఘాలో రాయాలి కాబట్టి అక్కడ బండారం బయటపడుతుంది, నిజమే, కానీ అప్పటికి కోర్సే ముగిసిపోయి ఉంటుంది. నాలుగో వారంలో తెలిస్తే సరిదిద్దవచ్చు, పన్నెండో వారం తర్వాత తెలిసి ఏం లాభం?

పిల్లల్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. కుప్పం, పలమనేరు, సత్యవేడు వైపు పల్లెల్లో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లున్నారు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే అయింది, దాని మీద ఐఐటీ ప్రొఫెసర్ వేగంగా చెప్పుకుపోయే గంట పాఠం. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు ఉన్నాయి, ఆ సంగతి క్లాసులో ఒక్కసారైనా చెప్పేవాళ్లు ఎంతమంది? అర్థం కాని పిల్లాడు జవాబుల గ్రూపులో చేరతాడు. మనమైనా అదే పని చేసేవాళ్లం.

కాలేజీలో ఈ కోర్సుల వ్యవహారం చూసుకోవడానికి ఎస్‌పీఓసీ (సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్) అని ఒక లెక్చరర్ ఉంటారు. పేరు పెద్దదే, పని మాత్రం ఫారాలు నింపించడం, గడువు తేదీలు వాట్సాప్‌లో పెట్టడం. సబ్జెక్టుకో మెంటర్ అని కాగితం మీద చూపించినా, ఆ గంటలు వర్క్‌లోడ్‌లో కలపరు. జీతంలోనూ టైమ్‌టేబుల్‌లోనూ లేని పనిని ఎవరు మాత్రం మనసు పెట్టి చేస్తారు? సొంతంగా ఆన్‌లైన్ డిగ్రీ నడిపే యూనివర్సిటీ నాణ్యత చూసే కేంద్రం ఒకటి పెట్టుకోవాలని యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. వేరేవాళ్ల కోర్సు తెచ్చి క్రెడిట్ ఇచ్చే మామూలు కాలేజీలో ఆ బాధ్యత ఎవరి నెత్తినా పడటం లేదు.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ చూడండి. పాఠాలు ఇంట్లోనే వినొచ్చు, కానీ చివరి పరీక్షలే కాదు, మధ్యలో వచ్చే క్విజ్‌లు కూడా సెంటర్‌కు వెళ్లి రాయాల్సిందే. కాపీ కొట్టిన అసైన్‌మెంట్ కొన్ని వారాల్లోనే తేలిపోతుంది.

మన కాలేజీలు అంత దూరం పోనక్కర్లేదు. క్రెడిట్ ఇచ్చే ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ టైమ్‌టేబుల్‌లో వారానికో గంట రాయండి, ఆ గంట మెంటర్ వర్క్‌లోడ్‌లో కలపండి. నాలుగో వారంలో ఒకసారి, ఎనిమిదో వారంలో ఒకసారి ఫోన్లు బయట పెట్టించి ఐదు ప్రశ్నలు కాగితం మీద రాయించండి, చాలు. డౌట్లు తీర్చేవాళ్లు లేరంటారా, ఏర్పేడు దగ్గరే ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) రెండూ ఉన్నాయి, అక్కడి పీహెచ్‌డీ విద్యార్థుల్ని వారానికోసారి పిలవడానికి బస్సు ఛార్జీలకు మించి పెద్దగా ఖర్చు కాదు. బ్రోచర్‌లో మాత్రం ఎన్‌రోల్ అయినవాళ్ల పక్కనే పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు ఎంతమందో కూడా వేయాలి. అడ్మిషన్‌కు వచ్చే తల్లిదండ్రులు ఆ మూడు అంకెలూ అడగడం మొదలుపెడితే, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వచ్చేదాకా ఆగాల్సిన పని ఉండదు.