కుడి చెవి మళ్ళీ మూగబోయింది

మూడేళ్ళలో ఇది నా ఐదో ఇయర్‌ఫోన్ల జత. ఈసారి కుడివైపు పోయింది.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేదాకా నాకు ఒకటే పని. జాక్ (ఫోనులో గుచ్చే పిన్ను) దగ్గర వైరును బొటనవేలితో ఒక పక్కకి నొక్కి పట్టుకోవాలి. వేలు కాస్త జారిందా, గరగరమని కుడి చెవి ఆగిపోతుంది. నా అవస్థ చూసి పక్క సీటాయన ఏదో నరాల జబ్బనుకుని ఉంటాడు.

ఒక్కోటీ నాలుగొందల నుంచి ఏడొందల దాకా పెట్టి కొన్నవే. మూడు జాక్ దగ్గరే పోయాయి, ఒకటి మైకు బుడిపె కింద పోయింది. ఇంకొకటి మెటల్ బాడీ అని మురిసిపోయి కొన్నది. దాని రెండు డొప్పలనూ గమ్ముతో అంటించారట. మే నెలలో ఒక మధ్యాహ్నం బండి డిక్కీలో మర్చిపోతే వేటికవి విడిపోయాయి. స్పీకర్ మాత్రం ఐదింటిలో ఒక్కదానికీ పోలేదు. నా మంటంతా అక్కడే.

మొన్న ఆదివారం ఉండబట్టలేక ఒక పాత జాక్‌ను బ్లేడుతో కోసి చూశాను. లోపల తలవెంట్రుకల్లాంటి తీగలు, ఎర్రవి, ఆకుపచ్చవి, రాగి రంగువి. ఆ రంగు తొడుగు కాదు, వార్నిష్ పూత. దాన్ని కాల్చో గీకో తీస్తే తప్ప టంకం అంటుకోదు. మధ్యలో బలం కోసం దారప్పోగులు కలిపారు. చిన్నప్పుడు రాగి తీగను ఒకేచోట అటూ ఇటూ వంచి తెంపని వాళ్ళెవరు? జేబులో ఫోను రోజంతా చేసేది ఆ పనే.

ఆ వంపు ఒక్కచోటే పడకుండా జాక్ వెనక మెత్తటి రబ్బరు తోక ఉండాలి, ఇస్త్రీపెట్టె వైరుకు ఉంటుందే, అలాంటిది. నా దానికీ ఉంది, కానీ గట్టి ప్లాస్టిక్, అర అంగుళం కూడా లేదు. అది వంగదు కాబట్టి వంపంతా దాని చివరే పడుతుంది. తెగింది కూడా సరిగ్గా అక్కడే. పెట్టె మీదేమో 10 ఎంఎం డ్రైవరు (స్పీకరుకే ఆ పేరు), డీప్ బాస్ అని రాతలు, దానికి అయస్కాంతం మూత! పైన పటారం, లోన లొటారం.

ఏడాది వారంటీ ఉంది కదా అని ఫోన్ చేశాను. "ఫిజికల్ డ్యామేజ్ వారంటీలోకి రాదు సార్" అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా. వైరు తెగడం ఫిజికల్ కాక ఆధ్యాత్మికమా తల్లీ?

నా తప్పు లేదనను. ఫోను చుట్టూ బిగించి చుట్టేవాణ్ణి, వైరు పట్టుకుని లాగేవాణ్ణి. కానీ నాలుగొందల వస్తువును జనం వాడేది అలాగే, చేసేవాళ్ళకు ఆ సంగతి తెలియదా? "బ్లూటూత్‌ది కొనుక్కో" అంటాడు మా బావ. దాని బుల్లి బ్యాటరీ రెండు మూడేళ్ళకు నీరసిస్తే చాలావాటికి మార్చే దారే ఉండదు. వైరుదైతే కనీసం టంకం వేయించుకోవచ్చు. వైరు ఊడదీసి మార్చుకునే రెండు పిన్నుల రకం వెయ్యీ పదిహేనొందల్లో దొరుకుతోంది. ఆ పద్ధతిని నాలుగొందల దాంట్లో పెట్టమనను. ఆ తోక ఒక్కటి మెత్తగా, ఇంకో అంగుళం పొడుగ్గా పెడితే చాలు.

అన్నట్టు, ఒకవైపు శబ్దం పూర్తిగా పోకుండా తగ్గితే కంగారుపడి పారేయకండి. చెవిలో పెట్టే చోట ఉండే జాలీకి గులిమి పట్టి ఉంటుంది. పొడి బ్రష్‌తో మెల్లగా తుడిచి చూడండి.

నిన్న నాలుగు పాతవీ పట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. రిపేరు కుర్రాడు వాటివైపు కూడా చూడలేదు. "చేస్తే నూటయాభై అయితది అన్నా. రెండొందలకి కొత్తదే వస్తది, ఎందుకు?" అన్నాడు. కౌంటర్ కింద నుంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి చూపించాడు. నిండా తెగిన ఇయర్‌ఫోన్లే. "అన్నీ స్పీకర్లు మంచిగనే ఉంటయి" అన్నాడు.

నావి నాలుగూ ఆ డబ్బాలో పడేసి వచ్చాను. ఐదోది మాత్రం బొటనవేలి దయవల్ల ఇంకా నడుస్తోంది.