మెట్లు దిగలేని మంగళవారం

తమ్ముడు ఆదివారం మొదటిసారి 10 కిలోమీటర్లు పరుగెత్తాడు. చివరి 3 కిలోమీటర్లు ఏటవాలు దారి. దిగుడే కదా అని వేగం పెంచాడు. సోమవారం కాళ్ళు కాస్త బిగుసుకున్నట్టు అనిపించిందంతే. మంగళవారం పొద్దున మెట్ల దగ్గర ఆగిపోయాడు. రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగుతున్నాడు. కింద అక్క బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఆమెకు పరుగు పన్నెండేళ్ళ అలవాటు.

అక్క: దిగావా? రా, ఓ ఇరవై నిమిషాలు నడిచొద్దాం.

తమ్ముడు: నడకా? కుర్చీలో కూర్చోవడమే గండంగా ఉందక్కా. సగం దాకా వంగి, ఇక ఆపుకోలేక దబ్బున పడిపోతున్నాను. తొడ మీద వేలు ఆనినా ప్రాణం పోతోంది. దెబ్బతిన్న కండరానికి రెస్ట్ ఇవ్వాలి గానీ, ఇంకా తిప్పుతారా? విరిగిన చెయ్యి ఎవరైనా ఊపుతారా?

అక్క: ఇది విరిగిన ఎముక కాదురా. నీకు ఎప్పుడు ఎక్కువ నొప్పి పుడుతోంది? నిద్ర లేవగానే, లేదంటే రెండు గంటలు కూర్చుని లేచినప్పుడు. నాలుగడుగులు వేశాక సడలుతోందా లేదా?

తమ్ముడు: సడలుతోంది. కానీ మళ్ళీ కూర్చుంటే మొదటికొస్తోంది. అంటే నడక నొప్పిని మాన్పట్లేదు, కాసేపు మరిపిస్తోంది.

అక్క: మాన్పుతుందని నేననలేదు. ఆ ఇరవై నిమిషాలూ, ఆ తర్వాత కొంతసేపూ ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. ఎలాగూ ఇంకో రెండు రోజులు ఓర్చుకోవాలి కదా, ఆ కాస్త ఉపశమనం ఎందుకు వదులుకోవాలి? పైగా పరుగెత్తేటప్పుడు కండరాల్లో పుట్టి పేరుకున్న లాక్టిక్ యాసిడ్ కూడా పోతుంది.

తమ్ముడు: అక్కడే దొరికిపోయావు! పరుగు ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టిక్ యాసిడ్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆదివారమే పోయిన దానికి మంగళవారం ఈ బాధేంటి? 1902లోనే థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త, ఇలా ఆలస్యంగా వచ్చే నొప్పికి కారణం కండరం లోపలి చిరుగులని అన్నాడు. కంటికి కనపడనంత సన్నటి చిరుగులు. వాటిని బాగుచేసుకునే పనిలో అక్కడ వాపు వస్తుంది, నరాలు సున్నితమవుతాయి. అందుకే నొప్పి మెల్లగా మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది.

అక్క: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పరుగుకి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతూ వచ్చాను, ఇక చెప్పను. మరి నువ్వు చెప్పు, మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎందుకు కష్టంగా ఉంది?

తమ్ముడు: ...అది తెలీదు.

అక్క: దిగేటప్పుడు నీ తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, బ్రేకు వేసినట్టు. కండరాన్ని ఎక్కువగా చీల్చేది ఆ పనే. డంబెల్ పైకి లేపడం కంటే మెల్లగా దించడం వల్ల ఎక్కువ నొప్పి పుట్టేదీ అందుకే. ఆదివారం చివరి 3 కిలోమీటర్లూ అడుగడుగునా అదే చేశావు. ఆయాసం రాలేదు కాబట్టి తేలికనుకున్నావు.

తమ్ముడు: పరుగయ్యాక స్ట్రెచింగ్ చెయ్యలేదని తిట్టావు కదా, అది చేసుంటే తగ్గేదా?

అక్క: లేదు. ముందు చేసినా తర్వాత చేసినా ఈ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాదని పరీక్షించి చూశారు. మసాజ్ కొంత నయం. చన్నీళ్ళలో కాళ్ళు ముంచినా కొంత తగ్గుతుంది. కానీ కండ పెంచాలని జిమ్‌కెళ్ళేవాళ్ళు రోజూ అలా చేస్తే పెరగాల్సిన కండ సరిగ్గా పెరగదు. అవునూ, చేతిలో ఏంటది?

తమ్ముడు: ఇబుప్రోఫెన్, నొప్పి మాత్ర. ఒక్కటే వేసుకుంటాను.

అక్క: ఇంట్లో కూర్చుని, అన్నం తిన్నాక ఒకటంటే నేను గొడవ చెయ్యను. పరుగుకి ముందు మాత్రం వద్దు. చెమటకి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్ర కిడ్నీల మీద భారం వేస్తుంది. ఇంకో సంగతి, సిగ్గుపడకుండా చెప్పు. మూత్రం ఏ రంగులో ఉంది?

తమ్ముడు: అక్కా!

అక్క: చెప్పరా.

తమ్ముడు: మామూలుగానే ఉంది.

అక్క: కోలా రంగులోకి మారినా, తొడలు బాగా ఉబ్బినా, కాళ్ళలో బలం లేకుండా పోయినా ఆగకూడదు, నేరుగా ఆసుపత్రికే. అరుదే, కానీ కండరం మరీ చితికిపోతే అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇక నొప్పి ఒకే కాలులో, ఒకే చోట సూదిలా పొడుస్తుంటే అది ఈ బాపతు కాదు, వేరే గాయం.



తమ్ముడు: అలాంటిదేం లేదు, రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయి. అయితే గురువారం నీతో పరుగుకి రానా? నొప్పి ఓర్చుకోగలను. నొప్పి వచ్చిందంటే బాగా కష్టపడ్డట్టేగా?

అక్క: కాదు. అలవాటు లేని పని చేశావని మాత్రమే అర్థం. నేను నీకంటే రెట్టింపు దూరం పరుగెత్తుతాను, నాకు నొప్పి లేదు. నాది వ్యాయామం కాదా?

తమ్ముడు: అయితే గురువారం వద్దంటావా?

అక్క: నొప్పి ఒక్కటే కాదు, కండరం బలం కూడా ఇప్పుడు తగ్గి ఉంటుంది, అడుగు కుదురుగా పడదు. మామూలుగా మెట్లు దిగగలిగిన రోజున చూద్దాం. అప్పుడైనా ముందు చదునైన దారే.

తమ్ముడు: ఆ ఏటవాలు దారి జోలికి ఇక జన్మలో వెళ్ళను.

అక్క: వెళ్ళాలి! అక్కడే అసలు సంగతుంది. ఒకసారి ఈ దెబ్బ తిన్న కండరం రెండోసారి అదే పనికి ఇంతగా చిరగదు. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. రెండు మూడు వారాల్లో అదే దారిలో అర కిలోమీటరు దిగుదాం, మెల్లగా. ఇంత నొప్పి పడ్డాక దాని లాభం వదులుకోవడం నాకు నచ్చదు.

తమ్ముడు: ...ఈ రోజు నడిచే దారిలో దిగుడు ఉందా?

అక్క: లేదు. చదును.

తమ్ముడు మాత్రను కిటికీ అంచున పెట్టి, రెయిలింగ్ వదలకుండా ఆఖరి మెట్టు దిగాడు. అక్క అతని బూట్లు ముందుకి జరిపి, వంగలేడని తెలిసి, తనే లేసులు కట్టింది.