నలభై ఒకటికి బాధ్యుణ్ణి నేనే

మా మేనల్లుడికి తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల్లో 94, సోషల్లో 41 వచ్చాయి. ఆదివారం తెనాలిలో అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళేసరికి ప్రోగ్రెస్ కార్డు టీపాయ్ మీద పంచాంగంలా విప్పి ఉంది. బావ అప్పటికే పరిశోధన ముగించాడు. లెక్కల్లో 94 వాళ్ళ తాతగారిది. ఆయన కరణం, శిస్తు లెక్కలు కాగితం లేకుండా నోటితోనే కట్టేవాడట. సోషల్లో 41 మా అక్క పెంపకం. ఒకవేళ పెంపకం కాదు, పుట్టుకలోనే లోపముందని ఎవరైనా తేలిస్తే, అది మేనమామ పోలిక. అంటే నేను.

“మీ తాతగారికి లెక్కలంత బాగా వస్తే ఏడెకరాలు ఎలా పోయాయండీ?” అని వంటింట్లోంచి అక్క అడిగింది. శాస్త్రచర్చకు సంబంధం లేని ప్రశ్న గనక సభ దాన్ని స్వీకరించలేదు.

తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అని పడమటి పండితులు నూటయాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. మనవాళ్ళు అంత శ్రమ పడలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నారు. అదే నోటితో మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని నిలదీసి, ఎందుకైనా మంచిదని పండితపుత్ర పరమశుంఠను కూడా దగ్గర పెట్టుకున్నారు. ఫలితాలు వచ్చాక ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. రాకముందు మాత్రం ఏ సామెతా వాడకూడదు, అదొక్కటే నియమం. బావ వీటన్నిటినీ పిండి ఒక్క సూత్రం తీశాడు: వచ్చిన మార్కు తండ్రి రక్తం, పోయిన మార్కు తల్లి పెంపకం.

ఇది తెనాలి సొంత సరుకు అనుకుంటే పొరపాటు. మూలపురుషుడు ఇంగ్లండులో ఉన్నాడు. 1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ జడ్జీలు, మంత్రులు, సేనాపతులు, కవులు, శాస్త్రవేత్తల చిట్టా ఒకటి వేసి, వాళ్ళ తండ్రుల్లో, అన్నదమ్ముల్లో, కొడుకుల్లో ఎంతమంది గొప్పవాళ్ళున్నారో లెక్కపెట్టి, ప్రతిభ వంశంలో నడుస్తుందని తేల్చాడు. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య పద్ధతే. అబ్బాయి జడ్జీ, వాళ్ళ నాన్నా జడ్జీయే, అంతా రక్తంలోనే ఉందండీ. జడ్జీగారి కొడుక్కి మంచి బడి, నలుగురు పెద్దమనుషుల పరిచయం, రేపటి బియ్యం గురించి బెంగలేని నిద్ర కూడా ఉంటాయన్న సంగతికి ఆ చిట్టాలో గడి లేదు. గాల్టన్ సంగతే చూడండి. డార్విన్‌కీ ఈయనకీ తాతగారు ఒకరే. అయినా కేంబ్రిడ్జిలో లెక్కలు చదవబోయి, ఆరోగ్యం చెడి, మామూలు డిగ్రీతో బయటపడ్డాడు. బ్యాంకరైన తండ్రి పోతూ పోతూ బోలెడంత ఆస్తి వదిలాడు గనక జీవితాంతం ఉద్యోగం ఊసెత్తకుండా పరిశోధన చేసుకున్నాడు. తండ్రి నుంచి సంక్రమించింది మెదడో, బ్యాంకు ఖాతానో విడదీసి చూసుకునే తీరిక ఆయనకు దొరకలేదు. మంచి వంశాలనే పెంచాలన్న శాస్త్రానికి 1883లో పేరు పెట్టిందీ ఆయనే. ఆయనకు మాత్రం పిల్లల్లేరు.

బావ సూత్రాన్ని బల్లగుద్ది చెప్పిన నోబెల్ గ్రహీత కూడా ఉన్నాడు. విలియం షాక్లీ. చిన్నప్పుడు స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు లూయిస్ టెర్మన్ మేధావి పిల్లల్ని ఏరుతూ ఈ కుర్రాడికీ బుద్ధి పరీక్ష పెట్టించాడు. స్కోరు చాలలేదు, తీసుకోలేదు. ఆ కుర్రాడే పెద్దయ్యాక ట్రాన్సిస్టర్‌కి 1956లో నోబెల్ అందుకున్నాడు. అలాంటివాడు ఆ పరీక్షల్ని చూసి నవ్వాలి కదా? నవ్వలేదు. తెలివి రక్తంలోనే ఉంటుందని, నల్లవాళ్ళ రక్తంలో తక్కువని, ఆ స్కోర్లే పట్టుకుని మిగతా జీవితమంతా ప్రచారం చేశాడు. 1980లో ఒక ఇంటర్వ్యూలో తన పిల్లలు తన స్థాయికి చాలా దిగువన ఆగిపోయారని చెబుతూ, వాళ్ళమ్మ, అంటే తన మొదటి భార్య, తనంత చదువుకున్నది కాదని కారణం కూడా చూపించాడు. ఆ దిగువన ఆగిపోయిన పిల్లల్లో ఒకరు స్టాన్‌ఫర్డ్‌లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ. ఇది చదివి వినిపిస్తే బావ “చూశావా!” అన్నాడు. ఎందుకన్నాడో నాకిప్పటికీ అర్థం కాలేదు.

లండన్‌లో సర్ సిరిల్ బర్ట్ అనే ఆయన విడివిడిగా పెరిగిన కవలల్ని వెతికి, వాళ్ళ బుద్ధి స్కోర్లకు 0.771 పొత్తు కుదిరిందన్నాడు (ఒకటి వస్తే పూర్తి పొత్తు, సున్నా వస్తే పొత్తే లేనట్టు). మొదట 21 జంటలు, తర్వాత 53 జంటలు అయ్యాయి. అంకె 0.771 దగ్గరే నిలబడింది. మూడో దశాంశం కూడా కదల్లేదు. మా తాతగారు చెప్పే చేప ఏడాదికోసారైనా పెరిగేది. 1970ల్లో లియాన్ కామిన్ అనే అమెరికన్ ఈ సంగతి బయటపెట్టేనాటికి బర్ట్ పోయాడు.

సూత్రం ఇళ్ళల్లో ఉన్నంతకాలం ఒక పూట మొహాలు మాడతాయి, అంతే. 1927లో అది అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. క్యారీ బక్ అనే పేదింటి అమ్మాయిది మందబుద్ధి అన్నారు, వాళ్ళమ్మదీ అంతే అన్నారు, క్యారీ ఒళ్ళో పసికందుదీ అంతే అన్నారు. పాపకు ఏడు నెలలున్నప్పుడే బుద్ధి కొలిచేశారు. మూడు తరాల మందమతులు చాలునని జస్టిస్ హోమ్స్ రాశాడు, క్యారీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. అమ్మమ్మ, అమ్మ, కూతురు. తీర్పులో తండ్రి వంశం ఊసే లేదు. ఆ పాప వివియన్ తర్వాత బడికి వెళ్ళి ఒకసారి మంచి మార్కుల జాబితాలో పేరెక్కించుకుంది. ఎనిమిదేళ్ళకే జబ్బు చేసి పోయింది.

భోజనాల ముందు చర్చ మన గుడివాడ అమ్మాయి మీదికి మళ్ళింది. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే చెస్‌లో గ్రాండ్‌మాస్టరై, అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న అమ్మాయిగా హంగరీ అమ్మాయి జూడిత్ పోల్గార్ రికార్డు దాటింది. “తండ్రి చెస్ ఆటగాడు. రక్తం!” అన్నాడు బావ. “ఆ తండ్రి పిల్ల కోసం ఉద్యోగం మానేసి నేర్పాడండీ. మీరు టీవీ కట్టేశారా?” అంది అక్క. ఛాంపియన్ అన్న మాటలోంచే హంపి అని పేరు తీసిన తండ్రి రక్తమెంత ఇచ్చాడో, రోజులెన్ని ఇచ్చాడో ఎవరు వేరు చేస్తారు? రెండూ ఒకే చేత్తో వడ్డించాడు.

కాలువ గట్టున పెరిగిన బావకు ఇది అర్థం కాకపోవడమే నాకు వింత. కాలువ మొదట్లో నీళ్ళు అందరికీ సమంగా అందుతాయి. అక్కడ ఒకరికి ముప్పై అయిదు బస్తాలు, పక్కాయనకు ముప్పై పండితే విత్తనం తేడా అంటాం, అనొచ్చు. శివారు భూముల్లో నీళ్ళు ఒక మడికి అంది ఇంకో మడికి అందకపోతే ఎంత మేలురకం విత్తనమైనా బయటపడేది నీటి తేడాయే. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం ఏడేళ్ళ అమెరికన్ కవలల్లో చూసింది దాదాపు ఇదే. కలవారి పిల్లల మధ్య తేడాల్లో జన్యువుల వాటా ఎక్కువ, నిరుపేద పిల్లల్లో సున్నాకు దగ్గర. విత్తనాలు కొట్టువాడు మీ నేల మంచిది కాదంటాడు, రైతు నీ విత్తనం నకిలీ అంటాడు. కాలువ లాకు దగ్గర కూర్చున్న మనిషి పేరు ఇద్దరూ ఎత్తరు.

ఇంకో సంగతి గొంతు దాకా వచ్చి ఆగింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో బుద్ధి పరీక్షల స్కోర్లు పదేళ్ళకు మూడు పాయింట్ల చొప్పున పెరిగాయని జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. రెండు మూడు తరాల్లో జన్యువులు మారవు. ఆ లెక్కన కరణంగారిని ఇప్పటి పరీక్షకు కూర్చోబెడితే ఆయన మార్కు కూడా మేనమామ పోలిక ఖాతాలోనే పడుతుంది. గుత్తివంకాయ ఇంకా వడ్డించలేదు గనక అనలేదు.

చేతులు కడుక్కునే చోట మేనల్లుడు దొరికాడు. “సోషల్లో ఏమైందిరా?” అన్నాను. ఆ మాట వాణ్ణి అడగడం ఇంట్లో అదే మొదటిసారట.

“సోషల్ సార్ మానేసి మూడు నెలలైంది మావయ్యా. ఆ పీరియడ్లో కూడా మ్యాథ్స్ సారే వచ్చి లెక్కలు చేయిస్తున్నారు.”

ఒక్క దెబ్బకు 94, 41 రెండూ తేలిపోయాయి. పరుగున వెళ్ళి బావకు చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు.

“నిజమేనోయ్. కానీ రోజుకి రెండు పీరియడ్లు లెక్కలు చెప్పినా తట్టుకోవాలంటే రక్తంలో ఉండొద్దూ?”