జైఫెంగ్‌ని చేతగానివాడంటే ఊరుకోను

ఇందాక ఒక వీడియో చూసి ఇంకా ఒళ్ళు మండుతోంది. చైనా చివరి చక్రవర్తి పూయీ కథ చెబుతూ, ఆ పిల్లాడి తండ్రి జైఫెంగ్ రాకుమారుడిని ఒక్క ముక్కలో తేల్చిపారేశారు: చేతగానివాడు, ఆయన వల్లే చింగ్ సామ్రాజ్యం పోయిందట. కింద కామెంట్లలో అందరూ నవ్వులే.

దేనికి నవ్వారో తెలుసా? 1908 డిసెంబర్ 2న పట్టాభిషేకం. మూడేళ్ళు కూడా నిండని పూయీ సింహాసనం మీద గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పక్కన మోకరిల్లి పిల్లాడిని పట్టుకున్న తండ్రి, "ఏడవకు, ఇప్పుడే అయిపోతుంది" అన్నాడు. దర్బారులో వాళ్ళు అపశకునం అని గుసగుసలాడారు. సూది వేయించేటప్పుడు పిల్లలకి మనం చెప్పేది కూడా అదే కదా! ఆ మాట పట్టుకుని ఒక మనిషిని వందేళ్ళకు పైగా ఎగతాళి చేస్తారా?

అసలు ఆయన చేతికి వచ్చేసరికి ఆ రాజ్యంలో ఏం మిగిలింది? అన్న గ్వాంగ్షూ చక్రవర్తి 1898లో సంస్కరణలు మొదలుపెట్టిన పాపానికి త్సీషీ రాజమాత ఆయన్ని చెరువు మధ్య దీవిలో బంధించింది. తమ్ముడు అది చూస్తూ పెరిగాడు. పెళ్ళి కూడా ఆమె చెప్పిన అమ్మాయితోనే. 1908 నవంబర్‌లో అన్న పోయాడు, మర్నాడే త్సీషీ పోయింది. పిల్లరాజు తరఫున పాలించే రీజెంట్‌ని చేసి, 25 ఏళ్ళ కుర్రాడి నెత్తిన కొడుకునీ దేశాన్నీ కలిపి పెట్టి పోయారు!

అంతకంటే నన్ను కాల్చేది 1901 సంగతి. విదేశీయుల మీద తిరగబడ్డ బాక్సర్లనే దళాల గొడవలో బీజింగ్‌లో జర్మన్ రాయబారిని ఒక మంచూ (చింగ్ రాజుల జాతి) సైనికుడు కాల్చి చంపాడు. ఆ గొడవకి విదేశాలు చైనా మీద 45 కోట్ల టేల్‌ల (టేల్ అంటే చైనా పాత తూకం) వెండి జరిమానా వేశాయి. చాలదన్నట్టు జర్మనీకి వచ్చి క్షమాపణ చెప్పాలి. ఎవరిని పంపారు? 18 ఏళ్ళ జైఫెంగ్‌ని! బాక్సర్లని ఎగదోసిన పెద్దలు ఇంట్లో కూర్చున్నారు. పరివారమంతా నేల మీద తల ఆనించి మొక్కాలని జర్మన్ చక్రవర్తి కైజర్ పట్టుబట్టాడు. ఈ కుర్రాడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆగిపోయాడు. ఒంట్లో బాగాలేదన్నాడు, కదలలేదు. చివరికి ఆ మొక్కుళ్ళ షరతుని జర్మనీయే వదులుకుంది. చేతగానివాడు చేసే పనేనా ఇది?

తప్పులు చేయలేదని అనను. 1911 మేలో ఏర్పడిన మంత్రివర్గంలో సగానికి పైగా మంచూలనే, అందులోనూ ఎక్కువగా రాజబంధువులనే పెట్టడం ఘోరమైన తప్పు. జనం నమ్మకం పోయింది. అక్టోబర్ 10న వూచాంగ్‌లో తిరుగుబాటు లేచింది. డిసెంబర్ 6న ఆయన రీజెంట్ పదవి వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇదిగో, ఇక్కడే "పిరికివాడు" అంటారు.

నా అసలు కోపం ఎప్పటినుంచో దీని మీదే. లక్షలమందిని చంపించి అయినా కుర్చీ పట్టుకుని వేలాడినవాడు మనకి వీరుడు. మర్యాదగా దిగిపోయినవాడు మాత్రం అసమర్థుడు. స్కూల్లో కూడా యుద్ధాలు చేసినవాళ్ళ పేర్లే కదా బట్టీ పట్టించారు. పదవిలోకి రాగానే బలమైన సేనాని యువాన్ షికాయ్‌కి కాలి జబ్బు అని సాకు చెప్పి ఇంటికి పంపాడే తప్ప చంపించలేదు జైఫెంగ్. అదీ తప్పేనట! తర్వాత అదే యువాన్ వచ్చి రాజ్యాన్ని మింగాడు. అయితే చంపించి ఉండాల్సిందా? చెప్పండి!

1932లో జపాన్ వాళ్ళు ఈశాన్య చైనాలోని మంచూరియాలో కీలుబొమ్మ రాజ్యం పెట్టి పూయీని కూర్చోబెట్టారు. తండ్రికి అది నచ్చలేదు. 1934లో వెళ్ళి కొడుకుని చూశాడు, అక్కడే ఉండిపొమ్మన్నా వినకుండా వెనక్కి వచ్చేశాడు. పదవి, రాజభోగం ఎదురుగా ఉన్నా వద్దనుకుని, 1951లో బీజింగ్‌లో మామూలు మనిషిగా పోయాడు.