21 రోజుల లెక్క ఎక్కడిది?

ఉగాది వచ్చినా, జనవరి ఒకటో తేదీ వచ్చినా, గ్రూప్స్ నోటిఫికేషన్ పడినా వాట్సాప్‌లో అదే మెసేజ్ తిరుగుతుంది: "ఏ పనైనా వరసగా 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది. మధ్యలో ఒక్కరోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. వాయిదా వేయడమంటే బద్ధకమే, సంకల్పబలం ఉంటే చాలు. గెలిచినవాళ్లంతా తెల్లవారుజామున 4కే లేస్తారు." నాలుగు మాటలూ తప్పే. అయితే నాలుగూ ఒకే రకం తప్పులు కావు.

మొదట ఆ 21 సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో అచ్చైన తన పుస్తకంలో, ఆపరేషన్ అయిన మనిషి తన కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. చేతులు మారేకొద్దీ ఆ "కనీసం" ఊడిపోయింది, ముఖం కూడా ఊడిపోయింది, అంకె ఒక్కటే మిగిలింది. అద్దంలో ముఖం చూసుకోవడానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు. రోజూ పది లెక్కలు చేయడం అలాంటిది కాదు.

నిజంగా కొలిచినవాళ్లున్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి, 2010లో ఫలితాలు అచ్చువేసింది. ఒక్కొక్కరికి ఒక్కటే పని: మధ్యాహ్నం భోజనంతో ఓ పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం లాంటివి. ఆలోచించకుండానే పని జరిగిపోయే దశకు రావడానికి ఒకరికి 18 రోజులు పడితే మరొకరికి 254. మధ్యస్థ విలువ 66. ఆ 254 కూడా గ్రాఫును ముందుకు పొడిగించి వేసిన అంచనాయే, ఎందుకంటే పరిశీలన సాగింది 84 రోజులే. కాబట్టి 21ని తీసేసి దాని పీటమీద 66ని కూర్చోబెట్టకండి. నీళ్లు తాగడం త్వరగా అలవడుతుంది, వ్యాయామానికి ఎక్కువ కాలం పడుతుంది.

అసలు రోజుల లెక్క కంటే ముఖ్యమైనది మన కళ్లముందే ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు సిగరెట్టు, మందు ముట్టరు. 21కి దాదాపు రెట్టింపు. అయినా మాల తీసిన వారానికే మళ్లీ కిళ్లీకొట్టు దగ్గర తేలేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దీక్షలో నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, "స్వామీ" అన్న పిలుపు గంటగంటకూ గుర్తుచేస్తూ ఉంటాయి. మాలతోపాటే అవీ పోతాయి. టీ, స్నేహితులు, కొట్టు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

అందుకే కొత్త పనిని తేదీకి కాదు, రోజూ ఎలాగూ జరిగే మరో పనికి కట్టాలి. "సాయంత్రం చదువుతా" అంటే కుదరదు, సాయంత్రానికి అంచు లేదు. "రాత్రి తిన్న కంచం కడిగి పెట్టగానే, కుర్చీలో కూర్చుని 5 లెక్కలు చేస్తా" అనాలి. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అనే ఈ పద్ధతి మీద జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి పరిశోధన చేశాడు. సాధారణంగా బెడిసేది రెండుచోట్ల. ఆదివారం ఉండని గుర్తును ఎంచుకోవడం (ఆఫీసు బస్సు దిగగానే, కాలేజీ నుంచి రాగానే) ఒకటి. మొదటిరోజు ఉత్సాహంతో 50 లెక్కలు పెట్టుకోవడం రెండోది. ఒంట్లో బాగాలేని రోజున కూడా చేయగలిగినంతే కొలత. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి, పెన్ను పక్కనే ఉంచండి. ఫోన్ ఇంకో గదిలో చార్జింగ్‌కి.

ఒక్కరోజు తప్పితే అంతా పోయినట్టేనా? లాలీ పరిశీలనలో ఒక్కసారి తప్పడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. నష్టం చేసేది "మళ్లీ ఒకటి నుంచి" అనే నియమమే. 17వ రోజున జ్వరం వచ్చినవాడికి ఆ నియమం 16 రోజుల పనినీ కొట్టేస్తుంది, దాంతో 18వ రోజున అతను కూర్చోడు. గొలుసు లెక్క మానేసి నెల లెక్క పెట్టుకోండి: 30లో 24 చాలా మంచి నెల. తప్పిన మర్నాడు బాకీ తీర్చబోయి రెట్టింపు చేయొద్దు, మామూలు కొలతే.

ఇక బద్ధకం. బద్ధకస్తుడికి పని మిగిలిపోయిందన్న బాధ ఉండదు. వాయిదా వేసేవాడు అదే బాధతో అలమారా సర్దుతాడు, గిన్నెలు తోముతాడు, ఆ ఒక్క పనీ తప్ప అన్నీ చేస్తాడు. టిమ్ పిచిల్, ఫుషియా సిరోయిస్ వంటి పరిశోధకులు దీన్ని ఆ పని తెచ్చే చికాకు నుంచి తప్పించుకోవడంగానే చూస్తారు. కాబట్టి తిట్టుకోవడం మందు కాదు, చికాకు ఏ రకమో చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, పేరు మార్చాలి: "ఐటీ రిటర్న్ వేయాలి" కాదు, "ఫారం 16 డౌన్‌లోడ్ చేయాలి". తప్పులొస్తాయన్న భయమైతే, ఎవరికీ చూపించని చిత్తుప్రతి ఒకటి పది నిమిషాల్లో గిలకాలి. వట్టి విసుగే అయితే, 15 నిమిషాలకు అలారం పెట్టుకుని అది మోగగానే లేచిపోవచ్చు.

నాలుగింటికి లేవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాత్రి 12కి పడుకుని 4కి లేస్తే దక్కేది నాలుగు గంటల నిద్ర, పెద్దవాళ్లకు కావాల్సింది కనీసం ఏడు. లేవాలనుంటే ముందు తొమ్మిదింటికి పడుకునే దారి చూసుకోవాలి. ఆ మెసేజ్ మాత్రం మనకు వచ్చేది రాత్రి పదకొండున్నరకే.